తేనెరంగు వద్దనుకుంటే...

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన అమ్మానాన్నల కబుర్లలో చెక్కనేల తప్పకుండా ఉంటుంది. 'ఇల్లంతా చెక్కే. నీళ్లచుక్క పడితే చాలు, కోడలు గుడ్డ పట్టుకుని పరుగెత్తుకొస్తుంది' అంటారు. ఆ కోడలి కంగారులో అర్థముంది. మేపుల్, యాష్, పైన్ లాంటి లేతరంగు చెక్కల్ని ఏరికోరి వేయించుకునేది గది వెలుతురుగా, విశాలంగా కనిపిస్తుందనే. పైపూత దగ్గర పొరబడితే కొన్నేళ్లకే ఆ మీగడరంగు కాస్తా తేనెరంగులోకి దిగిపోతుంది. మళ్లీ పాతరంగు రావాలంటే సామానంతా బయటపెట్టి, నేలను యంత్రంతో అరగదీయించి, మొదట్నుంచీ పూత వేయించాల్సిందే.

మనకి పాలిష్ అనగానే గుర్తొచ్చేది లక్క. లక్కపురుగులు కొమ్మల మీద చేసే జిగురును శుభ్రంచేసి, స్పిరిట్‌లో కరిగించి, తలుపులకీ మంచాలకీ గుడ్డతో రుద్దుతారు. నేలకి అది పనికిరాదు. తడిగ్లాసు పెడితే తెల్లమచ్చ పడుతుంది, నడకల రాపిడికీ ఆగదు. నేలలకి ఎక్కువగా వాడేది పాలీయురెథేన్. మన వడ్రంగులు పీయూ పాలిష్ అంటారే, ఆ కుటుంబమే. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం దీని తయారీ సూత్రాన్ని కనిపెట్టింది. పరుపుల్లోని ఫోమ్ కూడా దీని చుట్టమే.

ఇందులో ఆయిల్ బేస్డ్, వాటర్ బేస్డ్ అని రెండు రకాలు. తిరకాసంతా ఇక్కడే ఉంది.

ఆయిల్ రకం డబ్బా మూత తీయగానే పల్చటి తేనెలా కనిపిస్తుంది. అందులోని నూనెలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడతాయి. ఆ తర్వాత కూడా ఏళ్లతరబడి పసుపెక్కుతూనే ఉంటాయి. ధర తక్కువ, రెండుమూడు పూతలు చాలు, గట్టిదనంలో వంకపెట్టలేం. ముదురురంగు చెక్కకి ఆ పసుపు నిండుదనాన్నిస్తుంది. తెల్లటి మేపుల్ మీద మాత్రం పాత వార్తాపత్రికలా కనిపిస్తుంది. వాసన ఘాటు. ఒక పూత ఆరాలంటే చాలాసార్లు రాత్రంతా ఆగాలి.

వాటర్ రకం డబ్బాలో పాలలా ఉంటుంది, ఆరాక అద్దంలా తేటపడుతుంది. సాధారణంగా రెండు నుంచి నాలుగు గంటల్లో ఆరుతుంది. ధర ఎక్కువ, పూతలూ మూడు నాలుగు కావాలి. 'నీళ్లతో చేసింది ఎన్నాళ్లుంటుందండీ' అనే పనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తొలినాళ్ల సరుకు విషయంలో ఆ అనుమానం సబబే. ఇప్పుడు దొరికే మేలురకాలు, ముఖ్యంగా హార్డెనర్ విడిగా కలుపుకునే రెండుభాగాల రకాలు, జనం బాగా తిరిగే చోట్ల కూడా తట్టుకుంటున్నాయి. కలిపాక కొన్ని గంటల్లో వాడేయాలి, మిగిలింది దాచుకోలేం. హార్డెనర్ ఆవిర్లు ఊపిరితిత్తులకి మంచివి కావు కాబట్టి ఆ పని అనుభవమున్నవాళ్లకే వదిలేయాలి. పిల్లలు పరుగులుపెట్టే హాలు, లేతరంగు చెక్క... ఈ రెండూ కలిస్తే ఖర్చు ఎక్కువైనా నా ఓటు దీనికే.

హార్డ్‌వాక్స్ ఆయిల్ అని మరొకటుంది. చెక్కలోకి ఇంకుతుంది, గీతపడినచోట మాత్రమే సరిచేసుకోవచ్చు. కానీ తరచూ పోషణ కావాలి. ఒలికిన పులుసు వెంటనే తుడవకపోతే మరకే. పసుపు లేని వంట లేని మన ఇళ్లకి ఇది కాస్త ధైర్యం చేయాల్సిన బేరం.

ఎంత మంచి పూతైనా సొట్టల్ని ఆపలేదు. అది చెక్క గట్టిదనాన్నిబట్టి ఉంటుంది. చిన్న ఉక్కుగుండును సగం దిగేదాకా చెక్కలోకి నొక్కడానికి ఎంత బలం కావాలో చూసే పరీక్షను జాంకా అంటారు. అందులో మేపుల్‌కి 1450 పౌండ్ల బలం కావాలి, మన టేకుకి సుమారు వెయ్యి. తెల్ల పైన్‌కి 380 చాలు. అమెరికాలో బాస్కెట్‌బాల్ కోర్టులకి మేపుల్ వేసేది ఊరికే కాదు. పైన్ నేలమీద పచ్చడిబండ జారిపడిందా, గుంట ఖాయం!

మెరుపు మోజూ తగ్గించుకోవాలి. గ్లాస్ ఫినిష్ మీద ప్రతి గీతా కనిపిస్తుంది, మ్యాట్ దాచేస్తుంది. గీతలకి అసలు కారణం చెప్పులకింద ఇసుక. గుమ్మం బయటే చెప్పులు విడిచే మన అలవాటు ఇక్కడ లక్షల విలువైంది. బకెట్ నీళ్లతో తుడిచే అలవాటు మాత్రం మానుకోవాలి. స్టీమ్ మాప్ అసలే వద్దు.

తేటపూత వేసినా ఎండకి చెక్క తనంతట తాను కొంత రంగు మారుతుంది. కార్పెట్ ఒకేచోట ఏళ్లతరబడి ఉంచితే దాని కింద నలుచదరపు అచ్చు పడుతుంది, అందుకని అప్పుడప్పుడూ జరుపుతుండాలి. పూత ఎంచుకునేముందు మిగిలిన చెక్కముక్క మీద రెండు రకాలూ పక్కపక్కన వేయించి, మీ గదిలోనే, పగటి వెలుతురులో చూడండి. దుకాణం లైట్ల కింద అన్నీ బాగానే ఉంటాయి.

గృహప్రవేశం ముహూర్తం పెట్టించుకునేటప్పుడు పూత గట్టిపడే గడువూ లెక్కలోకి తీసుకోండి. పైపైన ఆరడం వేరు, లోపలిదాకా గట్టిపడటం వేరు. ఆయిల్ రకానికి దాదాపు నెల పడుతుంది. అప్పటిదాకా తివాచీలు పరవకూడదు.

ఆయిల్ పూత తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి గ్యారేజీలో మూలన పడేయకండి. ఆరుతున్న నూనె వేడి పుట్టిస్తుంది. ఆ వేడి బయటికి పోయే దారిలేక గుడ్డలు వాటంతటవే అంటుకుని ఇళ్లు కాలిన సందర్భాలున్నాయి. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనివ్వాలి, లేదా నీళ్లుపోసిన ఇనపడబ్బాలో వేసి గట్టిగా మూతపెట్టాలి.