బోరు మోటారు నుంచి రోబో చేతి దాకా...

కదిరి నుంచి పులివెందుల వెళ్లే దారిలో ఉంటుంది తలుపుల. వేరుశనగ పండే మెట్టనేల. బోరు ఆడితే పంట, ఆగితే అప్పు. అందుకే ఈ వైపు పల్లెల్లో ఎండాకాలం వచ్చిందంటే మోటారు మెకానిక్‌కు ఉండే గిరాకీ డాక్టరుకు కూడా ఉండదు.

'అన్నా, బోరు ఆడడం లేదు. మోటారు కాలినట్టుంది' అని రైతు ఫోన్ చేస్తాడు. పనితనం ఉన్న మెకానిక్ వెంటనే బండెక్కడు. ముందు ప్రశ్నలు వేస్తాడు. 'స్టార్టరు కొట్టుకుంటోందా? మూడు ఫేజులూ వస్తున్నాయా? నిన్న నీళ్లలో ఇసుక పడిందా?' రెండు ప్రశ్నలు కరెంటు గురించి, మూడోది యంత్రం గురించి. ఎందుకంటే వందల అడుగుల లోతు నుంచి పైపులన్నీ పైకి లాగడమంటే మాటలు కాదు. మనుషులు కావాలి, కూలి ఇవ్వాలి, రోజంతా పోతుంది. తీరా లాగాక లోపం పైన స్టార్టరులోనే ఉందని తేలితే ఆ ఖర్చంతా నేలపాలే!

మోటారు ఊరికే కాలదు. వోల్టేజి పడిపోతే ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. ఒక ఫేజు పోతే భారమంతా మిగతా రెండింటి మీద పడుతుంది. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది చుట్టూ పారే నీళ్లే కాబట్టి బోరులో నీళ్లు అడుగంటినా ప్రమాదమే. ఇసుక వస్తే ఇంపెల్లర్లు, బేరింగులు అరిగిపోతాయి. బేరింగు బిగుసుకుపోతే మోటారు తిరగలేక తిరుగుతుంది... చివరికి కాలేది మాత్రం వైండింగే. ఆ బేరింగు సంగతి చూడకుండా కొత్త రాగితీగ చుట్టి దించేశారనుకోండి, కొన్నాళ్లకు మళ్లీ అదే కథ.

కరెంటునూ యంత్రాన్నీ విడివిడిగా కాకుండా కలిపి చూడగలగడం... ఎలక్ట్రోమెకానికల్ ఇంజినీరింగ్ టెక్నాలజీ అంటే ఇదే. అమెరికా కాలేజీల్లో ఈ పేరుతోనే కోర్సులున్నాయి. మన దగ్గర దీనికి దగ్గరగా ఉండేది మెకట్రానిక్స్. ఈ మాటను పుట్టించింది జపాన్‌లోని యాస్కావా ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజినీరు టెట్సురో మోరి, 1969లో. మెకానిక్స్‌లో సగం, ఎలక్ట్రానిక్స్‌లో సగం తీసి అతికించాడు. మాట ఆయనదే కానీ, పని మాత్రం మన మోటారు షెడ్డుల్లో ఎప్పటి నుంచో ఉన్నదే.

నిమిషంన్నరకో కారు

ఈ చదువుకు ఇప్పుడీ జిల్లాలో విలువ పెరగడానికి పెద్ద కారణం పెనుకొండ మండలం ఎర్రమంచి. కియా సంస్థ 2017లో ఒప్పందం చేసుకుంది. 2019 ఆగస్టు 8న తొలి సెల్టోస్ కారు బయటికొచ్చింది. ఒకప్పుడు కంది, వేరుశనగ తప్ప మరొకటి కనిపించని నేలలో వందలాది రోబోలు! హంద్రీ-నీవా నీళ్లు చేరే గొల్లపల్లి రిజర్వాయరు నుంచి ఫ్యాక్టరీకి నీళ్లు. చుట్టూ విడిభాగాల కంపెనీలు.

కర్మాగారం మొదలైనప్పుడు చెప్పిన సామర్థ్యం ఏడాదికి 3 లక్షల కార్లు. ఏడాదికి 300 పనిదినాలు వేసుకుంటే రోజుకు వెయ్యి. రాత్రింబవళ్లు నడిచినా నిమిషంన్నరలోపే ఒక కారు తయారవ్వాలి. ఇలాంటి చోట కన్వేయరు పది నిమిషాలు ఆగితే ఎన్ని కార్ల లెక్కో మీరే వేసుకోండి.

కన్వేయరు ఆగిందనుకుందాం. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి 'మోటారు బాగానే ఉంది' అంటాడు. ఫిట్టరు వచ్చి 'గొలుసు బాగానే ఉంది, గేర్లు బాగానే ఉన్నాయి' అంటాడు. ఇద్దరి మాటా నిజమే. లైను మాత్రం కదలదు. కారు వచ్చిందో లేదో చూసే చిన్న సెన్సరు మీద దుమ్ము పడి ఉండొచ్చు. దాన్ని పట్టుకున్న బోల్టు వదులై అది పక్కకు తిరిగి ఉండొచ్చు. సెన్సరు కబురు అందక అసలు మెదడు 'ఆగు' అంది. ఆ మెదడు పేరు పీఎల్‌సీ. పూర్వం కార్ల ఫ్యాక్టరీల్లో ఈ పనికి బీరువాల నిండా రిలేలు, వైర్లు ఉండేవి. మోడలు మారిందంటే వైరింగంతా విప్పి మళ్లీ చేయాల్సిందే. ఆ బాధ తప్పించడానికే 1960ల చివర్లో అమెరికాలో పీఎల్‌సీ పుట్టింది. ఇప్పుడు వైర్ల జోలికి పోకుండా ప్రోగ్రామ్ మారిస్తే చాలు. ల్యాప్‌టాప్ తగిలించి దాన్ని చదవగలిగి, అదే చేత్తో స్పానరు పట్టగలిగిన మనిషి కోసమే కంపెనీలు వెతుక్కునేది.

కారు ఒక్కటే కాదు

కదిరికి అవతల నంబులపూలకుంటలో సోలార్ పార్కు ఉంది. అక్కడ ఎన్టీపీసీ 250 మెగావాట్ల కేంద్రం 2016లో పూర్తయింది. పలకలు ఎండలో కదలకుండా పడుంటాయి, వాటికి మెకానిక్కెందుకు అనిపిస్తుంది. కానీ ఇన్వర్టర్లను చల్లబరిచే ఫ్యాన్లు తిరగాలి, ట్రాన్స్‌ఫార్మర్లు చూసుకోవాలి. బ్రేకరు సంగతి మరీ తమాషా. చిన్న మోటారు స్ప్రింగును బిగించి ఉంచుతుంది, లోపం వచ్చిన క్షణంలో స్ప్రింగు బలం కాంటాక్టులను విడదీస్తుంది. గ్రీజు ఎండిపోయి అది బిగుసుకుందంటే ఎంత తెలివైన రిలే ఉండీ లాభం లేదు. రామగిరి కొండల మీది గాలిమరలదీ ఇదే తీరు. గేర్‌బాక్సు, జనరేటరు, రెక్కలను గాలివైపు తిప్పే మోటార్లు అన్నీ ఆ ఎత్తులోనే. అయితే బెల్టు కట్టుకుని టవరెక్కాలి. కళ్లు తిరిగేవాళ్లకు అది కుదిరే ఉద్యోగం కాదు.

ధర్మవరం, సోమందేపల్లి, హిందూపురం వైపు మరమగ్గాలను కూడా ఇందులోనే చేర్చాలి. ఎలక్ట్రానిక్ జకార్డులో డిజైను అట్టల మీద కాకుండా కంప్యూటరు ఫైలులో ఉంటుంది. విద్యుదయస్కాంతాలు కొక్కేలను ఎంచి దారాలను లేపుతాయి. అది మొరాయిస్తే చీర ఆగినట్టే. పక్కనే బెంగళూరు... అక్కడి అపార్ట్‌మెంట్ల లిఫ్టులే ఎంతోమందికి బతుకు. ఇక రైల్వేలో అసిస్టెంట్ లోకోపైలట్ పోస్టులకు ఐటీఐ, డిప్లొమా వాళ్లు పోటీపడొచ్చు. 2019లో సచివాలయాలు వచ్చినప్పుడు ఎలక్ట్రికల్ ఐటీఐ చదివినవాళ్లెందరో గ్రేడ్-2 లైన్‌మెన్లుగా సొంత జిల్లాల్లోనే కుదురుకున్నారు.

ఇంతకీ ఏ కోర్సు?

పదో తరగతి పాసైతే రెండు దారులు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్ల ట్రేడులు. టెక్నీషియన్ మెకట్రానిక్స్ అనే రెండేళ్ల ట్రేడు కూడా ఉంది కానీ అన్ని ఐటీఐలలో దొరకదు. రెండో దారి పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా. అది పూర్తయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. 'డిప్లొమాతో చదువు ఆగిపోతుంది' అన్న బెంగ అక్కర్లేదన్నమాట.

మెకట్రానిక్స్ పేరుతోనే చేరాలా? ఇక్కడ కాస్త ఆగాలి. కొన్ని ప్రభుత్వ నోటిఫికేషన్లు 'ఎలక్ట్రికల్' లేదా 'మెకానికల్' డిప్లొమా అని బ్రాంచి పేరు రాసి మరీ అడుగుతాయి. అక్కడ మెకట్రానిక్స్ సర్టిఫికెట్‌తో చిక్కు రావొచ్చు. సర్కారు కొలువే లక్ష్యమైతే ఎలక్ట్రికల్‌లోనో మెకానికల్‌లోనో చేరి, రెండో విద్యను, పీఎల్‌సీని సెలవుల్లో పక్కన నేర్చుకోవడం మేలు. పరిశ్రమే గురి అయితే మెకట్రానిక్స్ నేరుగా పనికొస్తుంది.

ఆడపిల్లలకు ఒక మాట. ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ కింద డిప్లొమా, ఇంజినీరింగ్ చదివే అమ్మాయిలకు ఏడాదికి రూ.50,000 ఇస్తారు. కుటుంబ ఆదాయం రూ.8 లక్షలు మించకూడదు, ఇంటికి ఇద్దరి దాకా అర్హులు. 'ఆడపిల్లకు మెషీన్లెందుకు' అనే పెద్దవాళ్లకు ముందు ఈ లెక్క చెప్పి చూడండి.

అడగాల్సిన ప్రశ్న

జీతాల విషయంలో ఆశలు కాస్త అదుపులో పెట్టుకోవాలి. మొదట దొరికేది చాలావరకు అప్రెంటిస్‌షిప్పే. 2019 నాటి నిబంధనల్లో డిప్లొమా వాళ్లకు నెలకు కనీస స్టైపెండ్ రూ.8,000. గది అద్దెకూ తిండికే సరిపోతుంది. 'మూడేళ్లు చదివించింది ఇందుకా' అని ఇంట్లో అనడం సహజం.

అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటుంది. ఫ్యాక్టరీలో ఉద్యోగం అనగానే సంబరపడకుండా 'ప్రొడక్షనా, మెయింటెనెన్సా?' అని అడగాలి. ప్రొడక్షన్ లైనులో నిలబడి రోజూ అవే నాలుగు బోల్టులు బిగించే పనిలో మూడేళ్లు ఉన్నా చేతికి వచ్చే కొత్త విద్య తక్కువ. కాంట్రాక్టు మీదైతే రేపు ఉంటుందో లేదో తెలియదు. మెయింటెనెన్స్‌లో రాత్రి డ్యూటీలుంటాయి, మాటలు పడాలి, నూనె మరకలు పోవు. కానీ ఆగిన ప్రతి యంత్రమూ ఒక పాఠం చెబుతుంది. ఆ అనుభవం పెనుకొండలో పనికొస్తుంది, చెన్నైలో పనికొస్తుంది, దుబాయిలోనూ పనికొస్తుంది.

మరి చదువు లేకుండానే షెడ్డులో పని నేర్చిన కుర్రాళ్ల మాటేమిటి? వాళ్ల చేతిలో విద్య ఉంది, కాగితం లేదు. గేటు దగ్గర అడిగేది కాగితమే. ముందే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతిని ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద తెచ్చారు. అది డిప్లొమాకు సాటి రాదు. అయినా ఏమీ లేకపోవడం కంటే నయం.

కాలేజీ ఎంచుకునే ముందు పిల్లాడిని వెంటబెట్టుకుని ఒకసారి వెళ్లి చూడండి. రంగు వేసిన గోడలు, ఫ్లెక్సీలు కాదు, వర్క్‌షాపు తాళం తీయించి చూడండి. మోటార్లు విప్పిన గుర్తులున్నాయా? లేతు కింద ఇనుప రజను పడి ఉందా? పీఎల్‌సీ కిట్‌కు ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదంటే మాత్రం ఇంకో కాలేజీ చూసుకోవచ్చు.