బుద్వేల్ నుంచి ఏఏ మీటింగ్‌కు దారి

తాగుడు మానాలనుకునేవారు ఒకచోట చేరి, తమ కష్టసుఖాలు చెప్పుకుంటూ, మళ్లీ గ్లాసు పట్టకుండా ఒకరికొకరు తోడు నిలిచే సమావేశమే ఏఏ మీటింగ్. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ దీన్ని మొదలుపెట్టారు. ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవారే. అదే బాధ పడుతున్న మరో మనిషితో మనసు విప్పి మాట్లాడితే ఆ పూటకు తాగకుండా ఉండగలుగుతున్నామని వారు గ్రహించారు. ఆ అనుభవం మీదే సంస్థ నిలబడింది. 1957లో మన దేశంలోనూ మొదలైంది.

ఈ తోడు అవసరం మన దగ్గర ఎంతో ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు పైబడిన మగవారిలో 43.3 శాతం మంది మద్యం తాగుతున్నారు. వీరందరూ బానిసలు కారు. అయితే బానిసలైనవారిలోనూ సాయం దాకా వెళ్లేవారు తక్కువ. దేశంలో మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరే ఏదో ఒక చికిత్స గానీ సాయం గానీ పొందారని 2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వే తేల్చింది.

ముందు డాక్టరు

ఏళ్ల తరబడి రోజూ తాగినవారు ఉన్నట్టుండి మానేస్తే ఒంటికి ప్రమాదం. కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత కొందరికి లేనివి కనిపిస్తాయి, మనుషులను గుర్తుపట్టలేరు. ఈ దశలో వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. కల్లు అలవాటు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు కాబట్టి, మానినప్పుడు వాటి ప్రభావం కూడా బయటపడుతుంది. ఇలాంటి వారిని ముందు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి గానీ దగ్గరలోని పెద్దాసుపత్రికి గానీ తీసుకెళ్లాలి. మీటింగ్ వైద్యానికి బదులు కాదు; వైద్యం అయ్యాక నిలబెట్టేది అది.

మీటింగ్ వెతకడం

ఏఏ ఇండియా కార్యాలయం ముంబయిలో ఉంది. నగరాలవారీగా మీటింగుల వివరాలు, హెల్ప్‌లైన్ నంబర్లు సంస్థ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. హైదరాబాద్‌లోని బుద్వేల్‌లో ఉండేవారు సొంత బస్తీ పేరుతోనే వెతికి ఆగిపోకూడదు. రాజేంద్రనగర్, అత్తాపూర్, మెహదీపట్నం, శంషాబాద్ పేర్లతోనూ చూడాలి. ఆరాంఘర్ చౌరస్తాకు చేరితే మెహదీపట్నం వైపూ అఫ్జల్‌గంజ్ వైపూ బస్సులుంటాయి. బుద్వేల్ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే ఫలక్‌నుమా, మలక్‌పేట, కాచిగూడ మీదుగా సికింద్రాబాద్ చేరవచ్చు. సొంత బస్తీలో ఎవరైనా చూస్తారన్న బెరుకు ఉన్నవారు దూరపు మీటింగునే ఎంచుకుంటారు. అందులో తప్పేమీ లేదు.

బయల్దేరే ముందు ఫోన్ చేసి మూడు సంగతులు అడగాలి. ఆ రోజు మీటింగ్ ఉందా, ఏ టైముకు? తెలుగులో మాట్లాడతారా, హిందీలోనా, ఇంగ్లిషులోనా? అది ఓపెనా, క్లోజ్డా? ఓపెన్ మీటింగ్‌కు ఇంటివాళ్లు, స్నేహితులు కూడా రావచ్చు. క్లోజ్డ్ మీటింగ్ తాగుడు మానాలనుకునేవారికే. ఎయిర్‌పోర్ట్‌లో షిఫ్టుల్లో పనిచేసేవారికీ రాత్రిళ్లు క్యాబ్ నడిపేవారికీ సాయంత్రం మీటింగులు కుదరకపోతే ఫోన్‌లోనే చేరగలిగే ఆన్‌లైన్ మీటింగులున్నాయి. ఎవరిని అడగాలో తెలియనివారు కేంద్ర ప్రభుత్వ డీ–అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు చేయవచ్చు. దిగులు, చనిపోవాలన్న ఆలోచన వేధిస్తుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు.

లోపల జరిగేది

మీటింగ్ సాధారణంగా గంట, గంటన్నర సాగుతుంది. చర్చి హాలులోనో బడిలోనో ఆసుపత్రి గదిలోనో కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. చర్చిలో పెట్టినంత మాత్రాన అది మతానికి సంబంధించినది కాదు. తాగుడు మానేందుకు ఏఏ సభ్యులు పాటించే పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన ఉన్నా, ఆ దేవుడు ఎవరన్నది ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. ఒక్కొక్కరూ తన పేరు చెప్పి, ‘నేను ఆల్కహాలిక్‌ని’ అని మొదలుపెట్టి తన సంగతి చెబుతారు. మధ్యలో ఎవరూ అడ్డురారు, తప్పుపట్టరు. కొత్తగా వచ్చినవారు మాట్లాడాలని ఇష్టం లేకపోతే ఊరికే విని రావచ్చు. ఇంటిపేరు, ఉద్యోగం, అడ్రసు ఎవరూ అడగరు. ఫీజు లేదు. ఖర్చుల కోసం చివర్లో చందా పెట్టె తిప్పుతారు, వేయాలనుకున్నవారు వేస్తారు. సభ్యత్వానికి ఒకే అర్హత: తాగుడు మానాలన్న కోరిక. కొన్నాళ్లకు, చాలాకాలంగా తాగకుండా ఉన్న సభ్యుడొకరు స్పాన్సర్‌గా తోడుంటారు. తాగాలనిపించినప్పుడు ముందు ఫోన్ చేసేది ఆయనకే.

ఇంటివాళ్లకు

తాగే మనిషి రాకపోయినా భార్య, తల్లిదండ్రులు, పిల్లలు సాయం పొందవచ్చు. వారి కోసం 1951లో ఆల్–అనాన్ మొదలైంది. టీనేజీ పిల్లలకు అలాటీన్ ఉంది. సీసాలు దాచడం, అప్పులు తీర్చడం, పనిచేసేచోట అబద్ధం చెప్పి కాపాడడం తాగుడును ఆపవని, తమ ఆరోగ్యం తాము చూసుకోవాలని అక్కడ తెలుసుకుంటారు.

ఫలితం ఎంత?

27 అధ్యయనాలను, పదివేల మందికి పైగా వివరాలను పరిశీలించిన 2020 నాటి కాక్రేన్ సమీక్ష ఏఏకు బలమిచ్చింది. క్రమపద్ధతిలో ఏఏ వైపు నడిపించే చికిత్సలు, పూర్తిగా తాగకుండా ఉండే విషయంలో ఇతర పేరున్న చికిత్సలతో సమానంగా గానీ అంతకన్నా మెరుగ్గా గానీ పనిచేస్తున్నాయని తేల్చింది. అయితే ఒక్క మీటింగుతో తేల్చుకోకూడదు. ఒక గ్రూపు నచ్చకపోతే మరో గ్రూపుకు వెళ్లాలి, కొన్ని వారాలు చూడాలి. మధ్యలో మళ్లీ తాగినా సభ్యత్వం పోదు. ఆ మర్నాడే మీటింగ్‌కు వెళ్లి, జరిగింది చెప్పి, తిరిగి మొదటి రోజు నుంచి లెక్క మొదలుపెట్టుకోవచ్చు.