ఎండకు చర్మం ఎందుకు నల్లబడుతుంది?

ఆస్ట్రేలియాలో చాలా ప్రాథమిక పాఠశాలల్లో టోపీ లేని పిల్లలను ఎండలో ఆడనివ్వరు. అంత పట్టుదల ఎందుకు?

ఎండలో కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. అవి చర్మకణాల్లోకి దూరితే, డీఎన్‌ఏలో పక్కపక్కన ఉన్న థైమిన్ అనే రెండు భాగాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కణం ఆ పాడైన ముక్కను కత్తిరించి, కొత్తది అల్లుకుంటుంది. ఎంత అద్భుతమైన పనితనమో! బాగుచేసుకోలేనంతగా పాడైతే కణం తనంతట తానే చనిపోతుంది. ఈ రెండూ జరగక, ఏళ్లతరబడి దెబ్బలు పోగుపడిన కణం అదుపు తప్పి పెరిగితే అది చర్మ క్యాన్సర్.

మరి నల్లబడటం? డీఎన్‌ఏ దెబ్బతిన్న సంగతి తెలియగానే చర్మం మెలనిన్ తయారీని పెంచుతుంది. ఆ రంగుపదార్థం కణకేంద్రకం మీద గొడుగులా నిలిచి కిరణాలను పీల్చుకుంటుంది. మన ఒంటి నలుపు అంత విలువైనది. దాన్ని చిన్నచూపు చూడటం అన్యాయం.

ఐరోపా నుంచి వెళ్లి ఆస్ట్రేలియాలో స్థిరపడినవారి తెల్లని చర్మంలో ఈ రక్షణ తక్కువ. అందుకే అక్కడ 1981లోనే చొక్కా తొడుక్కో, క్రీము రాసుకో, టోపీ పెట్టుకో అంటూ ప్రచారం మొదలైంది.

మనకు ముప్పు తక్కువే, కానీ లేకపోలేదు. అరికాళ్లలో, గోళ్ల కింద వచ్చే మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు ఎండతో పెద్దగా సంబంధం కూడా లేదు. అక్కడ కొత్త మచ్చ పుట్టి పెరుగుతుంటే డాక్టరుకు చూపించాలి.