రైలు ఎక్కడిదాకా, కారు ఎక్కడినుంచి: వరంగల్ ప్రయాణానికి ఒక ఇంటి లెక్క

“మామయ్యా, ఆరుగురం వస్తాం. రామప్ప చూడాలి, పిల్లలకు లక్నవరం వంతెన చూపించాలి, అమ్మకు భద్రకాళి దర్శనం కావాలి. రెండు రోజులే సెలవు. కారులో రమ్మంటావా, రైల్లోనా?” హనుమకొండలో ఇల్లున్న వాళ్లందరికీ సెలవుల ముందు ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. మా మేనకోడలికి చెప్పిన లెక్కనే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. వాళ్లింట్లో భార్యాభర్తలు, నాలుగేళ్ల బాబు, తొమ్మిదేళ్ల పాప, అరవై మూడేళ్ల మా అక్క, అరవై ఎనిమిదేళ్ల బావ. మీ ఇంటి సంఖ్య వేరైనా లెక్క వేసే పద్ధతి ఇదే.

ముందు కిలోమీటర్లు పక్కన పెట్టి గంటలు లెక్కపెట్టండి. హైదరాబాద్ నుంచి వరంగల్‌కు రోడ్డు మీద 145 నుంచి 150 కి.మీ. హైవే బాగానే ఉంటుంది కానీ, ఉప్పల్ దాటి ఊరు బయటపడేసరికే ముప్పావు గంట పోవచ్చు. దారిలో ఒక టీ, పిల్లలకోసం ఒక ఆగడం కలిపితే మూడు గంటలు దాటుతుంది. సికింద్రాబాద్ నుంచి వరంగల్‌కు రైలు దారి 142 కి.మీ. ఎక్స్‌ప్రెస్ రైలుకు రెండు, రెండున్నర గంటలు పడుతుంది. ఆ సేపూ ఎవరూ స్టీరింగ్ పట్టుకోనక్కర్లేదు, మోకాళ్ల నొప్పులున్న మా అక్క లేచి నాలుగడుగులు వేయొచ్చు. అదే వరంగల్ దాటాక సంగతి వేరు. రామప్పకు రైలు లేదు, లక్నవరానికీ లేదు. అక్కడ కారే కావాలి. అందుకే నా మాట ఒక్కటే: పొడవాటి తిన్నని దారిని రైలుకు వదిలేయండి, అడవి వైపు దారికి మాత్రం కారు పెట్టుకోండి.

దిగాల్సింది కాజీపేటా, వరంగలా? కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. రెండు స్టేషన్ల మధ్య రైలు దారి 10 కి.మీ., ఆ నడుమనే హనుమకొండ ఉంది. హైదరాబాద్ నుంచి వస్తుంటే కాజీపేట ముందు వస్తుంది, విజయవాడ నుంచి వస్తుంటే వరంగల్ ముందు. హనుమకొండలో బస అయితే రెండింట్లో ఏదైనా ఫరవాలేదు. నేరుగా వరంగల్ కోటకు వెళ్లాలంటే వరంగల్ స్టేషన్ దగ్గర. కొన్ని రైళ్లు రెండింట్లో ఒకచోటే ఆగుతాయి కాబట్టి టికెట్ తీసేటప్పుడే చూసుకోవాలి. ఒకసారి మా చుట్టాలు కాజీపేటలో దిగారు, వాళ్లకోసం మాట్లాడిన కారు వరంగల్ స్టేషన్ ముందు నిలబడింది. ఎండలో ముప్పావు గంట నష్టం, పైగా పిల్లల ఏడుపు. అప్పటినుంచి నేను స్టేషన్ పేరు రెండుసార్లు పలికించుకుంటాను.

ఎక్కే స్టేషన్ విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ మొదలైంది. సికింద్రాబాద్ స్టేషన్‌లో పునర్నిర్మాణ పనులు జరుగుతున్నందున కొన్ని రైళ్లను అటు మార్చారు. ఉప్పల్, నాచారం, ఈసీఐఎల్ వైపు ఇల్లున్నవాళ్లకు అది కలిసొచ్చే మార్పే. మెహదీపట్నం వాళ్లకు మాత్రం స్టేషన్ చేరడానికే గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరను కూడా రైలు ప్రయాణంలో కలిపి చూసుకోవాలి. విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లకు ఇంత తికమక లేదు. సుమారు 210 కి.మీ. దారి, పొద్దున్నే శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఎండ ముదరకముందే వరంగల్‌లో ఉంటారు.

టికెట్లు ఎన్ని కావాలి? ఆరుగురికి ఐదు. ఐదేళ్లు నిండని పిల్లలకు, సీటు అడగకపోతే, టికెట్ అక్కర్లేదు. బాబు అమ్మ ఒళ్లో కూర్చుంటాడు. ఐదు నుంచి పన్నెండేళ్లలోపు పిల్లలకు స్లీపర్‌లో బెర్తు వద్దంటే సగం చార్జీ, కావాలంటే పూర్తి చార్జీ. కానీ సెకండ్ సిట్టింగ్‌లో, అంటే కూర్చుని వెళ్లే మామూలు రిజర్వేషన్ బోగీలో, ‘సీటు వద్దు, సగమే కడతాం’ అనే వీలు లేదు. ఏసీ చైర్‌కార్‌లోనూ అంతే. కాబట్టి పాపకు పూర్తి టికెట్. అక్కాబావలకు సీనియర్ సిటిజన్ రాయితీ వస్తుందేమో అని అడుగుతారు. 2020 మార్చిలో ఆపిన ఆ రాయితీ మళ్లీ మొదలుకాలేదు, పెద్దవాళ్లకూ పూర్తి ధరే వేసుకోండి.

ఎన్ని రోజుల ముందు బుక్ చేయాలి? 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. ప్రయాణం రోజును లెక్కలోకి తీసుకోరు. సంక్రాంతి కోసం జనవరి 10న బయలుదేరాలంటే నవంబరు 11 ఉదయం ఎనిమిదింటికి బుకింగ్ తెరుస్తారు. వంటింటి క్యాలెండర్ మీద ఆ తేదీకి ఇప్పుడే సున్నా చుట్టండి. తత్కాల్, అంటే ముందురోజు ఇచ్చే అత్యవసర కోటా, ఏసీకి ఉదయం పదింటికి, నాన్ ఏసీకి పదకొండింటికి తెరుచుకుంటుంది. 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతా తప్పనిసరి. ఆ పని పదింటికి ఐదు నిమిషాల ముందు మొదలుపెడితే కుదరదు, వారం ముందే చేసి పెట్టుకోండి. ఇంకొక జాగ్రత్త: అర్ధరాత్రి దాటాక బయలుదేరే రైలుకు తేదీ మారుతుంది. శనివారం రాత్రి 00:20 అని మనం మాటవరసకు అనుకునే రైలుకు ఆదివారం తేదీతో టికెట్ తీయాలి.

ఇక డబ్బు. లెక్క సులువుగా ఉండటానికి నేను కొన్ని ధరలు అనుకుంటున్నాను, మీకు చెప్పిన ధరలు వాటి స్థానంలో పెట్టుకోండి. రైలు టికెట్ మనిషికి 100 రూపాయలు, పెట్రోలు లీటరు 110, అద్దె బండి కిలోమీటరుకు 18, డ్రైవరు బత్తా రోజుకు 500. తిరిగే దూరం ఇలా ఉంటుంది: హైదరాబాద్ రానుపోను 300 కి.మీ., హనుమకొండ నుంచి రామప్ప, అక్కడి నుంచి లక్నవరం, మళ్లీ హనుమకొండ కలిపి సుమారు 175, ఊళ్లో మరో 35. మొత్తం 510.

హైదరాబాద్‌లోనే ఏడు సీట్ల బండి మాట్లాడుకుంటే 510ని 18తో గుణిస్తే 9,180. రెండు రోజుల బత్తా 1,000. బీబీనగర్ దగ్గరొకటి, జనగామ దాటాక కోమళ్లలో ఒకటి, రెండు టోల్‌గేట్లు, రానుపోను 400 అనుకుందాం. మొత్తం 10,580. రైల్లో వచ్చి రెండోరోజు మాత్రమే బండి పెట్టుకుంటే? రైలు ఐదు టికెట్లు రానుపోను 1,000, బండికి 4,500, బత్తా 500, మొదటిరోజు ఊళ్లో ఆటోలకు 600. మొత్తం 6,600. తేడా దాదాపు నాలుగు వేలు, అంటే ఇంట్లో నాలుగు గ్యాస్ సిలిండర్ల డబ్బు.

సొంత కారుంటే? లీటరుకు 15 కి.మీ. ఇచ్చే బండికి 510 కి.మీ.కు 34 లీటర్లు, 3,740 రూపాయలు. టోలుతో 4,140. చేతినుంచి పోయే డబ్బు ఇదే అన్నిటికంటే తక్కువ, ఆ మాట దాచను. నలుగురే వస్తుంటే, నడపడానికి ఇద్దరుంటే కారులోనే రమ్మంటాను. కానీ మా మేనకోడలిది ఐదు సీట్ల కారు, మనుషులు ఆరుగురు. ఏడు సీట్లదైనా మూడో వరసలో కూర్చునేది ఎవరో, సామాను ఎక్కడ పెట్టేదీ ఆలోచించాలి. పైగా అల్లుడొక్కడే డ్రైవరు. రెండు రోజుల్లో పన్నెండు గంటలు అతను రోడ్డునే చూస్తాడు, సోమవారం ఆఫీసుకు వెళ్తాడు. రైలు పద్ధతిలో అదనంగా అయ్యేది 2,460 రూపాయలు, మనిషికి 410. అతనికీ అది సెలవే కావాలంటే ఆ 410 ఎక్కువనిపించదు నాకు.

బండి మాట్లాడేటప్పుడు ఒక మాట అర్థం చేసుకోవాలి: ‘మినిమం కిలోమీటర్లు’. తిరిగినా తిరగకపోయినా రోజుకు ఇంత దూరానికి డబ్బు కట్టాలని దాని అర్థం. పైన 4,500 వేసింది 250 కి.మీ. మినిమం లెక్కన. మనం తిరిగేది 175 మాత్రమే. మిగిలిన 75 కి.మీ.కు 1,350 రూపాయలు ఊరికే పోతున్నట్టు. అందుకే ఫోన్లోనే ‘రామప్ప, లక్నవరం, పొద్దున ఆరున్నర నుంచి సాయంత్రం ఐదింటిదాకా, మొత్తం ఎంత’ అని ఒకే అంకె అడగండి. కిలోమీటర్లు మీరు ఎక్కినచోటి నుంచా, బండి వాళ్ల దగ్గర బయలుదేరినప్పటి నుంచా అన్నదీ అప్పుడే తేల్చుకోండి. బత్తా, పార్కింగ్ ఆ అంకెలోనే ఉన్నాయో లేదో అడిగితే సాయంత్రం వాదన ఉండదు.

మొదటిరోజుకు కారు అక్కర్లేదు. వేయిస్తంభాల గుడి, భద్రకాళి, కోట, మూడూ ఆటోల దూరంలోనివే. వేయిస్తంభాల గుడిని 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించాడు. ఎదురుగా ఉన్న కల్యాణ మండపాన్ని విప్పదీసి, ఏళ్ల తరబడి పునర్నిర్మించి, 2024లో మళ్లీ తెరిచారు. ఇదివరకు వచ్చి రాళ్ల కుప్పలు చూసి వెనుదిరిగినవాళ్లు ఇప్పుడు తప్పక చూడాలి. కోటలో తోరణాల మధ్య నీడ తక్కువ, కాబట్టి సాయంత్రం నాలుగు దాటాక వెళ్లండి.

రెండోరోజు రామప్పకే పెద్దపీట. ములుగు మీదుగా సుమారు 68 కి.మీ., గంటన్నర పైచిలుకు. ఆరున్నరకు బయలుదేరితే ఎనిమిదింబావుకు గుడి ఉన్న పాలంపేటలో ఉంటారు. ‘గుడే కదా, అరగంట చాలదా’ అంటారు కొందరు. 1213లో రేచర్ల రుద్రుడు మొదలుపెట్టించిన ఈ గుడి పనులు నలభై ఏళ్లదాకా సాగాయని చెబుతారు. తండ్రి ఉలి పట్టిన పనిని కొడుకు ముగించి ఉండొచ్చు. నల్లరాతి మదనికా శిల్పాల మెడల్లో హారాలు ఎంత సన్నగా చెక్కారో చూడటానికే పాపకు పావుగంట పడుతుంది. గోపురానికి వాడిన ఇటుకలు నీటిలో తేలేంత తేలిక. పునాది శాండ్‌బాక్స్ పద్ధతిలో వేశారు, అంటే గోతిని ఇసుక మిశ్రమంతో నింపి దానిపై రాతి కట్టడం నిలబెట్టారు. భూమి కదిలితే ఆ కుదుపును ఇసుక మింగుతుందని. 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో దీన్ని చేర్చింది. దీనికి రెండు గంటలు ఇవ్వండి. చెప్పులు బయట విడవాలి, పదయ్యాక రాయి కాలుతుంది, పెద్దవాళ్లకు మేజోళ్లు తెచ్చుకోమనండి. గుడి ఆరడుగుల ఎత్తు వేదిక మీద ఉంటుంది. అక్కను తొందరపెట్టకుండా ఎక్కించాలి.

అక్కడినుంచి లక్నవరం 30 కి.మీ. ఇదీ కాకతీయుల నాటి చెరువే. వేలాడే వంతెన మీద పిల్లలకు గంట సరిపోదు. భోజనం అక్కడే.

బొగత జలపాతం కూడా ఒకే రోజులో చూసేద్దామా? ఈ కోరిక తప్పక వస్తుంది, నేను వద్దంటాను. వరంగల్ నుంచి ఒకవైపే దాదాపు 140 కి.మీ. రామప్ప, లక్నవరాలకు మళ్లకుండా నేరుగా వెళ్లివచ్చినా 280. కారులోనే ఆరేడు గంటలు. వానాకాలంలో, మూడోరోజు చేతిలో ఉంటే, తాడ్వాయిలో గానీ లక్నవరంలో గానీ రాత్రి ఆగి వెళ్లండి. ఎండాకాలంలో అంతదూరం వెళ్తే కనిపించేది రాళ్లే. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి వస్తుంది, 2024లో, 2026లో జరిగింది. ఆ వారాల్లో ములుగు దారి అమ్మల భక్తులది. మొక్కు ఉంటే అప్పుడే రండి, గుళ్లు చూడటానికే అయితే మరో నెల చూసుకోండి.

అసలు బండే వద్దనుకునేవాళ్లకు బస్సుంది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. మా మేనకోడలి ఇంట్లో అక్క, మేనకోడలు, పాప ముగ్గురికీ ఉప్పల్ నుంచి హనుమకొండకూ, హనుమకొండ నుంచి ములుగుకూ చార్జీ సున్నా. ములుగు నుంచి ఆటో. కాలేజీ పిల్లలకు ఇది చక్కని దారి. నాలుగేళ్ల బాబుతో, మోకాళ్ల నొప్పులతో మాత్రం బస్సు కోసం ఎదురుచూపులే రోజంతా మింగేస్తాయి.

ఈ పద్ధతి మన ఊరికే కాదు. పిల్లలు యూరప్‌లో స్థిరపడిన ఇళ్లలో దక్షిణ ఫ్రాన్స్ టూర్ మాట వస్తే అక్కడా ఇదే లెక్క. పారిస్ నుంచి ఆవిన్యాన్‌కు రోడ్డు మీద దాదాపు 700 కి.మీ., వాళ్ల వేగపు రైలు టీజీవీ రెండు గంటల నలభై నిమిషాల్లో చేరుస్తుంది. రోమన్లు కట్టిన పాన్ దు గార్ నీటి వంతెన అక్కడికి పాతిక కిలోమీటర్లు, దానికి అద్దె కారు సుఖం. తమాషా ఏమిటంటే ఆవిన్యాన్‌కూ రెండు స్టేషన్లు: వేగపు రైలు ఆగేది ఊరి బయట, పాత స్టేషన్ ఊళ్లో. కాజీపేట, వరంగల్ తేడా తెలిసినవాళ్లు అక్కడా ఏ స్టేషన్ అని ముందే అడుగుతారు.

మళ్లీ మన వరంగల్ లెక్కకు వస్తే, మిగిలింది తిరుగు రైలు. లక్నవరం నుంచి హనుమకొండకు 75 కి.మీ., రెండు గంటలు వేసుకోండి. బసలో సామాను సర్దుకోవడానికి, టీకి ముప్పావు గంట. స్టేషన్‌కు అరగంట. ప్లాట్‌ఫారం మారాల్సి వస్తే పెద్దవాళ్లు మెట్లెక్కడానికి మరో అరగంట. మొత్తం మూడు గంటల ముప్పావు. సాయంత్రం ఆరున్నర రైలైతే పిల్లలు ఎంత బతిమాలినా లక్నవరంలో రెండున్నర దాటనివ్వకండి.