పిల్లికి బంతి ఎందుకు, వేట కావాలి గానీ!

ఈ రోజు టాపిక్ పిల్లి బొమ్మలు. నవ్వకండి, సీరియస్‌గానే చెప్తున్నా. చివర్లో ఒక ఆపరేషన్ కథ కూడా ఉంది.

మా పిల్లి పేరు లడ్డు. నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు, వర్క్ ఫ్రమ్ హోమ్ టైంలో, దానికోసం 1,800 రూపాయలు పెట్టి ఒక ఆటోమేటిక్ బాల్ కొన్నా. చార్జింగ్ పెడితే దానంతట అదే ఇల్లంతా దొర్లుతుంది, లైట్లు వెలుగుతాయి. నేను మీటింగ్‌లో ఉంటా, బాల్ పిల్లిని ఆడిస్తుంది, ఇదీ నా ప్లాన్. మొదటి రోజు లడ్డు దాని వెంట పరిగెత్తింది. రెండో రోజు కూర్చుని చూసింది. మూడో రోజు బాల్ వచ్చి తగిలినా తోక కూడా కదపలేదు. కానీ రాత్రి 3 గంటలకి, దుప్పట్లోంచి బయటికొచ్చిన నా కాలి వేళ్ల మీద మాత్రం దూకేది!

మా అమ్మకి ఫోన్‌లో చెప్తే, "పిల్లికి ఎలక కావాలి గానీ బంతి ఎందుకురా?" అంది. నేను బీటెక్ చదివి పట్టుకోలేని పాయింట్ అమ్మ ఒక్క ముక్కలో చెప్పేసింది.

పిల్లికి ఆటా వేటా వేరు కాదు. కన్నేస్తుంది, నక్కుతుంది, తరుముతుంది, దూకుతుంది, పట్టుకుని కొరుకుతుంది. ఇంగ్లండ్‌లో సారా హాల్, జాన్ బ్రాడ్‌షా అనే పరిశోధకులు దీని మీద పనిచేశారు. 1998లో వచ్చిన వాళ్ల పేపర్ ప్రకారం, ఆకలిగా ఉన్న పిల్లులు బొమ్మతో ఇంకా గట్టిగా ఆడాయి. 2002 పేపర్‌లో ఇంకో విషయం ఉంది. ఒకే బొమ్మని మళ్లీ మళ్లీ ఇస్తే పిల్లులు పట్టించుకోవడం మానేశాయి. వెంటనే కొంచెం వేరుగా ఉన్న బొమ్మ ఇస్తే మళ్లీ ఎగబడ్డాయి. అంటే పిల్లి అలిసిపోలేదు, ఆ బొమ్మ మీద విసుగొచ్చింది. నిజం ఎలక అయితే కొరికితే ఏదో ఒకటి అవుతుంది కదా. నా బాల్ ఎంత కొట్టినా అలాగే ఉండేది.

సో, బొమ్మ కొనేముందు నేను ఇప్పుడు చూసుకునేవి ఇవి.

మొదటిది సైజు. ఎలక అంత, తేలిగ్గా, నోట్లో పట్టుకుని తిరిగేలా ఉండాలి. పెద్దది కొంటే పొడుగ్గా, మెత్తగా ఉన్నది కొనండి. ముందు కాళ్లతో వాటేసుకుని వెనక కాళ్లతో తన్నడానికి పనికొస్తుంది.

రెండోది కదలిక. ఎలక ఎప్పుడూ పిల్లి మొహం మీదికి రాదు, పారిపోతుంది. పరిగెత్తి, ఆగి, సోఫా కింద దాక్కుంటుంది. అందుకే పుల్లకి తాడు కట్టి చివర ఈకలు పెట్టిన బొమ్మ అంత బాగా పనిచేస్తుంది, ఎందుకంటే దాన్ని ఆడించేది మనిషి. మీరు దాన్ని పిల్లి ముందు ఊరికే ఊపకండి, ఎలకలా నడిపించండి.

మూడోది, పిల్లికి ఏదో ఒకటి దొరకాలి. లేజర్ లైట్ చూడండి, పిల్లి ఎంత తరిమినా పంజాకి ఏమీ చిక్కదు. కోడింగ్ భాషలో చెప్పాలంటే అది ఎండ్ లేని లూప్. లేజర్ వాడితే కళ్లలో పడకుండా చూసుకోండి. చివర్లో ఆ లైట్‌ని ఒక నిజం బొమ్మ మీదో, తినే ముక్క మీదో ఆపండి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం, ఊడిపోయేవి ఏమైనా ఉన్నాయా అని. ఆ ఆపరేషన్ కథ ఇక్కడే ఉంది.

ఒక రాత్రి ఆట అయ్యాక ఈకల పుల్లని సోఫా మీదే వదిలేసి పడుకున్నా. పొద్దున చూస్తే తాడు సగమే ఉంది. లడ్డు వాంతులు చేసుకుంటోంది, తిండి ముట్టుకోలేదు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే స్కాన్ చేసి, అదే రోజు ఆపరేషన్ అన్నారు. పిల్లి నాలుక మీద వెనక్కి తిరిగిన ముళ్లు ఉంటాయి, దారం లోపలికి వెళ్తే ఉమ్మేయడం కష్టం. ఒక కొస ఎక్కడో చిక్కుకుంటే, పేగు ఆ దారం మీద లంగా బొందు మీద కుచ్చిళ్లలా ముడుచుకుపోతుంది. తెగిపోవచ్చు కూడా. దారం నోట్లోంచో, వెనక నుంచో కనిపించినా మీరు లాగకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. లడ్డు బతికింది. కానీ దాని పొట్ట మీద కుట్లు చూసినప్పుడల్లా, బీరువాలో పెట్టడానికి నాకు పట్టే 10 సెకన్లు గుర్తొచ్చేవి.

ఇక్కడ ఉన్న చిక్కు గమనించారా? పిల్లికి బాగా నచ్చేవి తాడు, ఈక, చిరిగేవి. ప్రమాదం కూడా వాటితోనే. అందుకే వాటితో మీరున్నప్పుడే ఆట. మీరు లేనప్పుడు దారం, రిబ్బన్, ఊడే కళ్లు లేని బొమ్మలే బయట ఉంచండి. గుడ్ల అట్ట ట్రేలో నాలుగు గింజల ఫుడ్ వేసి పెట్టినా చాలు, పంజాతో తీసుకుంటూ కాలక్షేపం చేస్తుంది. మొదట్లో ఈజీగా దొరికేలా పెట్టండి, లేకపోతే వదిలేస్తుంది.

క్యాట్‌నిప్ బొమ్మ తెచ్చాక మీ పిల్లి పట్టించుకోకపోతే కంగారు పడకండి. అది పుట్టుకతో వచ్చే గుణం, చాలా పిల్లులకి ఉండదు. చిన్న పిల్లి కూనలకి అసలు పనిచేయదు.

మరి ఎంతసేపు ఆడాలి? 2021లో ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్లు బయట తిరిగే పిల్లుల మీద స్టడీ చేశారు. రోజూ 5 నుంచి 10 నిమిషాలు ఆడించిన ఇళ్లలో, పిల్లులు వేటాడి ఇంటికి తెచ్చే జీవాలు 25 శాతం తగ్గాయి. అంత చిన్న ఆటకే అంత తేడా!

నేనిప్పుడు చేసేది ఇదే. పడుకునే ముందు 10 నిమిషాలు ఆట, మధ్యలో ఒకసారి బొమ్మ మార్చడం, చివర్లో దాన్ని పట్టుకోనివ్వడం, వెంటనే అన్నం. తింటుంది, ఒళ్లు నాక్కుంటుంది, పడుకుంటుంది. తర్వాత పుల్ల బీరువాలోకి, తాళం నా జేబులోకి. రాత్రి 3 గంటల దాడులు చాలావరకు ఆగిపోయాయి.

ఆ 1,800 రూపాయల బాల్ మంచం కింద దుమ్ము పట్టి ఉంది. అది వచ్చిన అట్టపెట్టెలో మాత్రం లడ్డు రోజూ కూర్చుంటుంది.

మీ ఇంట్లో పిల్లి ఉంటే, ఈ వీడియో అయిపోగానే ఫోన్ పక్కన పెట్టి ఒక 10 నిమిషాలు దానితో ఆడండి. తర్వాత తాడు లోపల పెట్టడం మర్చిపోకండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.