ధరలు కనిపించని మెనూ కార్డు

పెళ్ళిరోజనో, పుట్టినరోజనో పెద్ద హోటల్‌కి భోజనానికి వెళ్ళారనుకోండి. మెనూ కార్డు చేతికి రాగానే మీ చూపు ముందుగా ఎక్కడ పడుతుంది? నిజం చెప్పండి... కుడివైపు వరుస మీదే కదూ! ధర చూసుకున్నాకే వంటకం పేరు చదువుతాం మనం. పాలవాడి లెక్క దగ్గర్నుంచి పిల్లల ఫీజుల దాకా వేళ్ళ మీద లెక్కపెట్టుకునే ఇల్లాలికి ఆ అలవాటు ఓ పట్టాన పోదు.

మరి ఆ కుడివైపు వరుసే లేని కార్డు మీ చేతికిస్తే?

ఫ్రెంచి సంప్రదాయంలో నడిచే ఖరీదైన రెస్టారెంట్లలో చాలాకాలం అదే పద్ధతి. మగవారికిచ్చే కార్డులో ధరలుంటాయి. ఆడవారికిచ్చే కార్డు చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది గానీ అంకె ఒక్కటీ కనిపించదు. డబ్బిచ్చేది ఆయనే, ఆవిడకు ఆ బాధ ఎందుకూ అని! మర్యాద కోసమే చేస్తున్నామనేవారు వాళ్ళు.

1980లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో లొరాంజరీ అనే ఫ్రెంచి రెస్టారెంటుకి ఓ వ్యాపారస్తురాలు తన వ్యాపార భాగస్వామిని విందుకు తీసికెళ్ళారు. పిలిచింది ఆవిడ, బిల్లు కట్టాల్సిందీ ఆవిడే. తీరా చూస్తే ధరల కార్డు ఆయన చేతికిచ్చి, ఉత్త కార్డు ఈవిడ చేతిలో పెట్టారు. ఆవిడ ఊరుకోలేదు. గ్లోరియా ఆల్రెడ్ అనే పేరున్న లాయరమ్మను పెట్టుకుని దావా వేశారు. ఆడవాళ్ళొస్తే మగవాళ్ళు లేచి నిలబడటం లాంటిదే ఇదీనని యజమానులు వాదించారు. చివరకు దావా ఉపసంహరించుకున్నా, ఆ రెస్టారెంటు మాత్రం ఆడా మగా తేడాతో కార్డులివ్వడం మానేసింది.

బాగానే బుద్ధి చెప్పారనిపిస్తుంది కదూ! నాకూ అలాగే అనిపించింది. అయితే ఇంకో సంగతి. పరదేశంలో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకో కూతురో అమ్మను ఇలాంటిచోటికి తీసికెళ్తే, ధర కంట పడిందో... ఆ తల్లికి ఆకలి చచ్చిపోతుంది. మనసులోనే యూరోలను రూపాయల్లోకి మార్చేసుకుని, “నాకేం ఆకలిగా లేదురా, కాస్త సూప్ చాలు” అంటుంది. అలాంటి రోజున ధరల్లేని కార్డు అమ్మకిచ్చినా తప్పు లేదంటాను. కార్డు పంచాల్సింది చీరా ప్యాంటూ చూసి కాదు, పిలిచిందెవరో కనుక్కుని. కాబట్టి విందు మీరే ఇస్తున్నట్లయితే టేబుల్ బుక్ చేసేటప్పుడే ఆ ముక్క చెప్పేయండి.

కార్డు వేరు, మెనూ వేరు

ప్యారిస్ వెళ్తే ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మనం మెనూ అనేదాన్ని అక్కడ ‘కార్త్’ అంటారు. ‘మెనూ’ అంటే ఒకే ధరకు వరసగా వడ్డించే మొత్తం భోజనం, అంటే మన ‘మీల్స్’ లాంటిదన్నమాట! విడివిడిగా కోరుకుంటే బిల్లు తడిసి మోపెడవుతుంది. ఇంకో కిటుకు కూడా ఉంది. చాలా పెద్ద రెస్టారెంట్లలో మధ్యాహ్నం మెనూ రాత్రి మెనూ కంటే బాగా చవక. వంటగది అదే, వంటవాళ్ళూ వాళ్ళే. పెళ్ళిరోజు మధ్యాహ్నం చేసుకుంటే ఎవరొద్దన్నారు!

మన విస్తట్లో పప్పూ, కూరా, పచ్చడీ, అప్పడం అన్నీ ఒక్కసారే కొలువు తీరతాయి. వాళ్ళది ఒకదాని తర్వాత ఒకటి. ముందు ఒక్క ముద్దకు సరిపడే చిరుతిండి వస్తుంది. మీరు అడగకపోయినా వస్తుంది, దానికి డబ్బు లేదు. తర్వాత ‘ఆంత్రే’, అంటే మొదటి వంటకం (అమెరికాలో ఇదే మాటకు అసలు వంటకమని అర్థం, పొరబడకండి). ఆపైన అసలు వంటకం, తర్వాత చీజ్, అది అయ్యాకే తీపి. కాఫీ అన్నిటికంటే ఆఖర్న వస్తుంది. రొట్టెను కత్తితో కోయకూడదు, చేత్తో తుంచుకోవాలి. ఫోర్కులూ చాకులూ వరసగా పేర్చి ఉంటే కంగారు పడకండి, బయటి వాటితో మొదలెట్టి లోపలికి రావడమే.

ఈ వరసనే 2010లో యునెస్కో తన వారసత్వ సంపద జాబితాలో చేర్చింది. ఫలానా వంటకమని కాదు సుమా! పుట్టినరోజుకీ, పెళ్ళికీ, ఓ విజయానికీ నలుగురూ కూర్చుని తీరిగ్గా భోంచేసే ఆ ఆచారానికి దక్కిన గౌరవం అది.

పాలేరు పిల్ల నుంచి ఆరు నక్షత్రాల దాకా

ఇలాంటి రెస్టారెంట్లనగానే పొడుగు టోపీ మగవాళ్ళే కళ్ళముందు మెదుల్తారు. కానీ ప్యారిస్‌కి దూరంగా, లియోన్ నగరంలో, ర్యూ రొయాల్ అనే వీధిలో ‘లా మేర్ బ్రాజియే’ అనే రెస్టారెంటుంది. మేర్ అంటే అమ్మ. బ్రాజియే అమ్మ హోటలన్నమాట!

ఆ అమ్మ పేరు యూజేని బ్రాజియే. 1895లో పల్లెటూళ్ళో పుట్టింది. పదేళ్ళకే తల్లి పోయింది. ఆవుల్నీ పందుల్నీ కాస్తూ ఇంటింటా పాలేరుతనం చేసింది. పందొమ్మిదేళ్ళకు పెళ్ళికాకుండానే తల్లయింది. తండ్రి ఇంట్లోంచి పొమ్మన్నాడు. పసివాణ్ణి ఒకరికి అప్పజెప్పి, లియోన్‌లో ఓ ధనవంతుల ఇంట పనికి కుదిరింది. వంట చేయడం అక్కడే అబ్బింది.

ఆ రోజుల్లో లియోన్‌లో ఇళ్ళల్లో వంటలు చేసిన ఆడవాళ్ళే సొంతంగా హోటళ్ళు పెట్టుకునేవారు. వాళ్ళందర్నీ జనం ‘అమ్మలు’ అనే పిలిచేవారు. ఫియూ అమ్మ అనే ఒకావిడ దగ్గర మెళకువలు నేర్చుకుని, 1921లో యూజేని ఓ చిన్న కిరాణా కొట్టును హోటల్‌గా మార్చింది. తర్వాత ఊరికి దూరంగా, కొండమీద రెండోది పెట్టింది. 1933లో మిషెలిన్ గైడు రెండింటికీ మూడేసి నక్షత్రాలిచ్చింది. మూడే అత్యున్నతం! ఆరు నక్షత్రాలు ఒకేసారి అందుకున్న మొదటి మనిషి ఆవిడే, మగవాళ్ళలోనూ అంతకుముందెవరూ లేరు. ఫ్రాన్సులో మహా వంటవాడిగా పేరు మోసిన పాల్ బొక్యూజ్ కూడా కుర్రతనంలో ఆవిడ దగ్గరే పనిచేశాడు. వంటొక్కటేనా... ఆవుల పాలు పితకడం, బట్టలుతకడం కూడా ఆ పాఠాల్లోవే!

అక్కడి ప్రసిద్ధ వంటకం పేరు వింటే ఆశ్చర్యపోతారు. ‘సగం మైల కోడి’! బ్రెస్ ప్రాంతపు కోడిని తెచ్చి, దాని తెల్లటి తోలు కింద నల్లటి ట్రఫుల్ బిళ్ళలు దూర్చి, కూరముక్కలతో కాచిన నీళ్ళలో సన్నసెగ మీద ఉడికిస్తారు. ట్రఫుల్ అంటే నేలలోపల పెరిగే, ఘుమఘుమలాడే శిలీంధ్రం. ఖరీదు అడక్కండి. పూర్వం యూరపులో మైల రోజులు కొన్ని గడిచాక ఆడవాళ్ళు నలుపూ తెలుపూ కలిసిన బట్టలు కట్టేవారు. ఆ రంగులు చూసి ఈ పేరు పెట్టారు.

బ్రాజియే అమ్మ 1977లో కన్నుమూశారు. 2008లో మాత్యూ వియానే అనే చెఫ్ ఆ హోటల్ తీసుకుని, పాత పేరే ఉంచారు.

శాకాహారులైతే...

“మాంసం వద్దు” అంటే అక్కడ చాలదు. చేప తెచ్చి పెట్టగలరు! ఉల్లిపాయ సూప్‌లో కూడా మాంసం ఉడికించిన రసం ఉంటుంది. కొన్ని తీపి వంటకాల్లో జెలటిన్ వేస్తారు. రోక్‌ఫోర్, కోంతే లాంటి పాతకాలపు చీజ్‌లను దూడ కడుపులోంచి తీసిన రెనెట్‌తో తోడుపెడతారు. మడిగా ఉండేవారు ఇదంతా బుకింగ్ రోజునే విడమరిచి రాసి పంపాలి. పేరున్న చోట్ల ముందుగా చెబితే విడిగా వండిపెడతారు. అక్కడికెళ్ళి టేబుల్ ముందు కూర్చున్నాక చెబితే ఉడికించిన కూరగాయలే గతి. ప్యారిస్‌లోని మూడు నక్షత్రాల ‘లార్పెజ్’లో అలాన్ పసార్ 2001లోనే ఎర్రమాంసం తీసేశారు. 2025లో చేపా, గుడ్డూ, పాలూ కూడా మానేసి, ఒక్క తేనె మాత్రం ఉంచుకున్నారు.

ఇక బిల్లు సంగతి. మీరు అడిగేదాకా తేరు. తినేవాళ్ళను తరిమినట్టుంటుందని వాళ్ళ భావన. ఆలస్యమైందని విసుక్కోకుండా “లాదిస్యోఁ, సిల్ వు ప్లే” అనండి. సర్వీసు ఖర్చు ధరలోనే కలిసి ఉంటుంది కనుక టిప్పు ఇచ్చి తీరాలనేం లేదు. మంచినీళ్ళకూ రొట్టెకూ విడిగా డబ్బు అక్కర్లేదు. కాకపోతే సీసా నీళ్ళు కావాలా అని అడుగుతారు. మామూలు నీళ్ళే కావాలంటే “కరాఫ్ దో” అంటే సరి.

బిల్లు మీ ఎదుటివాళ్ళ కంట పడకూడదనుకుంటే, చీజ్ తెచ్చే వేళకు చేతులు కడుక్కునే మిషతో లేచి, మీ కార్డు హెడ్ వెయిటర్ చేతిలో పెట్టేసి రండి.