నలుగురు మహనీయులు, ఒక్క నటుడు

నేలకొండపల్లిలో జన్మించి, గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలమున పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వచ్చి, వసూలైన శిస్తుతో భద్రగిరిపై రామునకు గుడి కట్టించి, ఆ నేరమునకు గోలకొండ కోటలో చెరసాల పాలైన కంచర్ల గోపన్న కథను దమ్మపేట, అశ్వారావుపేట, పాల్వంచ ప్రాంతముల వారికి ఎవరును ప్రత్యేకముగా చెప్పనక్కరలేదు. నేడు ఆయిల్‌పామ్ తోటలు పరచుకొన్న ఈ అటవీసీమలో రామదాసు చరిత్ర పుస్తకములకంటె ముందు భజనమందిరమున, తాళముల నడుమ వినబడినది. అయితే ఆ మహానుభావుని రూపమెట్టిదని అడిగినచో, మన పెద్దతరము వారి మనస్సులో మెదలునది శిల్పమును గాదు, చిత్తరువును గాదు. చిత్తూరు నాగయ్య ముఖము. 2006లో విడుదలయిన శ్రీరామదాసు చిత్రము తరువాత పుట్టిన పిల్లలకు నాగార్జున ముఖము స్ఫురించుట సహజమే. దాని కాక్షేపము లేదు. కాని ఆ పాత్రకు ముందుగా పోతన, త్యాగరాజు, వేమన అను మూడు మెట్లెక్కి, ముప్పది యేండ్లకు చేరువైన నటజీవితమును వెంటబెట్టుకొని భద్రగిరి భక్తుని చెంతకు చేరిన నటుడు నాగయ్య ఒక్కడే. కావున ఆయన నటజీవితములోని మైలురాళ్లను బిరుదుల వరుసలోగాక ఈ నలుగురి వరుసలో చూచుటయే న్యాయమని నేను తలంచుచున్నాను.

ఉప్పలదడియం నాగయ్య 1904 మార్చి 28న గుంటూరు మండలమందలి రేపల్లెలో జన్మించెను. పెరిగినది, చదివినది, రంగస్థల మెక్కినది చిత్తూరులో. ఆ యూరి పేరే ఇంటిపేరును మరపించి ఆయనకు శాశ్వతమైనది. అక్కడి రామవిలాస సభ నాటకములలో స్త్రీపాత్రలతో సహా అనేక వేషములు ధరించెను. కర్ణాటక సంగీతమును శ్రద్ధగా అభ్యసించెను. కొన్నాళ్లు గుమాస్తాగిరి, కొన్నాళ్లు పత్రికారచన, మధ్యలో జాతీయోద్యమము, గ్రామఫోను రికార్డులు, ఇట్లు పలు దారులు తిరిగి సినిమాకు వచ్చునప్పటికి ఆయనకు ముప్పదినాలుగేండ్లు. ఆ కాలమున కథానాయకుడగుటకు అది చిన్న వయస్సు కాదు. అయినను ఆలస్యమే ఆయనకు మేలు చేసినదని నా విశ్వాసము. తెరపై కనబడిన మొదటినాడే ఆ ముఖమున అనుభవపు గాంభీర్య ముండెను.

తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాదను 1932లో అందించిన హెచ్.ఎం. రెడ్డిగారే 1938లో రోహిణీ వారి గృహలక్ష్మిని తీసిరి. కన్నాంబ, కాంచనమాల ప్రధానపాత్రలు ధరించిన ఆ చిత్రమున నాగయ్యది దేశభక్తుడైన గోపీనాథుని పాత్ర. మద్యపాన నిషేధమును బోధించుచు ఆయన పాడిన పాట వీధివీధిన మారుమ్రోగినది. ఆ చిత్రనిర్మాణమున పాలుపంచుకొన్న బి.ఎన్. రెడ్డిగారు మరుసటి సంవత్సరమే వాహినీ సంస్థను నెలకొల్పి, మొదటి చిత్రము వందేమాతరమున నాగయ్యనే నాయకునిగా నిలిపిరి. సంగీతమును కూర్చుభారము సైతము ఆయనదే. పిమ్మట 1940లో సుమంగళి, 1941లో దేవత. సుమంగళిలో వీరేశలింగం పంతులుగారిని తలపించు వృద్ధసంస్కర్తగా, నలుబది నిండని నాగయ్య కనబరచిన నిండుదనమును చూచినవారికి, ఈ నటునిలో ప్రేమకథల నాయకునికంటె పెద్ద మనిషి యొకడు దాగియున్నాడని స్పష్టమైయుండవలెను.

ఇచ్చట ఒక విషయమును నిదానించి చెప్పవలసియున్నది. నాటి నటులలో అధికసంఖ్యాకులు పద్యనాటకరంగము నుండి వచ్చినవారు. మైకులేని పందిరిలో కడపటి వరుసలోనివానికి వినబడుటకై కంఠమును పెంచి, రాగమును సాగదీసి, ‘వన్స్‌మోర్’ అని సభ కేకవేయునంతవరకు పద్యమును నిలబెట్టుట వారి విద్య. ఆ విద్య గొప్పదే. నాగయ్యయు దాని సంతానమే. కాని టాకీలో మైక్రోఫోను నటుని నోటిదగ్గరకు వచ్చినది, కెమెరా కనురెప్పను సైతము పెద్దది చేసి చూపసాగినది. ఈ మార్పును తెలుగువారిలో అందరికంటె ముందు సంపూర్ణముగా గ్రహించినవాడు నాగయ్య. ఆయన కంఠమును తగ్గించెను, సంగతులను కుదించెను, మాటనుండి పాటకు, పాటనుండి మాటకు మధ్య గోడ లేకుండ జేసెను. పాత్ర మాటాడుచు మాటాడుచు, ఇక మాట చాలని చోట పాడినట్లుండునే తప్ప, కథ నాపి పాట మొదలైనట్లుండదు. ప్రాణములు పోయుచున్న సన్నివేశములలో సైతము చేతులు విదల్చుట, ఛాతీ చరచుకొనుట ఆయనకు లేవు. ఫిల్మ్ ఇండియా సంపాదకుడు బాబూరావు పటేల్ ఆయనను భారతదేశపు పాల్ ముని అని ప్రశంసించెనని చెప్పుదురు. పాశ్చర్, జోలా వంటి చరిత్రపురుషుల పాత్రలలో లీనమై జగద్విఖ్యాతుడైన ఆ హాలీవుడ్ నటునితో పోల్చుట వట్టి పొగడ్త కాదు. ఇరువురును బ్రదికిన మనుష్యులను తెరపై మరల బ్రదికించిన వారే.

కె.వి. రెడ్డిగారు దర్శకులుగా చేపట్టిన మొదటి చిత్రము భక్తపోతన. 1943 ఆరంభమున అది తెలుగునాట విడుదలయినది. ఓరుగంటి సమీపమున బమ్మెరలో హలము పట్టిన కవి, భాగవతమును నరాంకితము చేయననుట, లౌకికవైభవముల నెరిగిన శ్రీనాథుడు హితవు చెప్పుట, రాజాగ్రహము, ఇవియే కథాంశములు. శ్రీనాథునిగా గౌరీనాథశాస్త్రిగారు దర్పమునకు ప్రతిరూపముగా నిలువగా, ఆయన యెదుట నాగయ్య తలవంచియే నెగ్గెను. వినయమును నటించుట మిక్కిలి కష్టము. కొంచె మెక్కువైన దైన్యమగును, కొంచెము తక్కువైన గర్వమగును. ఆ సన్నని గీతపై చిత్రమంతయు ఆయన నడచిన తీరు నేటికిని నటనాభ్యాసకులకు పాఠమే. నాడు ఈ దమ్మపేట ప్రాంతము నిజాము రాజ్యము. గోదావరికి ఆవలనున్న భద్రాచలము మదరాసు రాజధానిలోనిది. పాలకులు వేరు, నాణెములు వేరు. అట్టి కాలమున రెండు వైపులవారికిని ఒకే పోతన, ఒకే కంఠము లభించుటను చిన్న సంగతిగా నేను భావింపజాలను.

అదే 1943లో నాగయ్య నిర్మించిన భాగ్యలక్ష్మి చిత్రమునందు, కమలా కోట్నీస్ నటింపగా రావు బాలసరస్వతీదేవిగారు తెరవెనుక పాడిన పాటయే తెలుగున తొలి నేపథ్యగానమని చరిత్రకారులు చెప్పుదురు. తన పాట తాను పాడుకొనుటయే జీవితధర్మముగా గలవాడే పరుల గొంతునకు తలుపు తెరచినాడన్నమాట. 1945లో వచ్చిన స్వర్గసీమలో ఆయన భక్తుడును గాదు, సంస్కర్తయు గాదు; భానుమతి పోషించిన మాయలాడి మోహములో చిక్కి ఇల్లాలిని విడిచిన పత్రికాసంపాదకుడు. నాగయ్య సాధుపాత్రలకే తగునని తలచువారు ఈ చిత్రమును చూచి తీరవలెను. ఆ సంవత్సరమే తమిళమున ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి మీరాలో రాణాగా నటించెను.

1946లోని త్యాగయ్యకు నిర్మాత, దర్శకుడు, సంగీతకర్త, నటుడు అన్నియు నాగయ్యయే. త్యాగరాజకృతులు పండితసభలకే గాక పామరజనులకును చేరుట కా చిత్రము చేసిన దోహదము కొలతల కందదు. దర్శకునిగా ఆయన కొంత మెత్తన, కథ అక్కడక్కడ నిలిచిపోవునను విమర్శలో సత్యము లేకపోలేదు; కాని కృతి మొదలైనంతనే ఆ లోపము స్మరణకు రాదు. కచేరీ విద్వాంసుని ప్రజ్ఞాప్రదర్శన అందులో లేదు. దేవునితో ఒంటరిగా మాటాడుకొను గృహస్థుని ఆర్తి మాత్రమే కలదు.

ఇక 1947లోని యోగివేమన. నా అభిప్రాయమున నాగయ్య నటనకు ఇదియే పరాకాష్ఠ, పోతన కంత ధనము రాల్పకపోయినను. పోతన మొదటినుండి పోతనయే. త్యాగయ్య మొదటినుండి త్యాగయ్యయే. వేమన యట్లు కాడు. భోగలాలసుడైన యువకుడు, వేశ్యాలోలుడు, వదినగారి నగ కోరగల దుర్బలుడు. అటుపై స్వర్ణవిద్యకై మిత్రుడు అభిరామునితో అగచాట్లు పడినవాడు. ప్రాణసమానమైన అన్నకూతురు మరణించగా లోకము విరిగిపడినవాడు. ఆ శిథిలముల నుండి లేచిన యోగి. కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున, అభిరామునిగా ముదిగొండ లింగమూర్తి తోడురాగా, ఈ దశలన్నింటిని నాగయ్య దాటిన క్రమము ఆశ్చర్యకరము. బిడ్డ పోయిన పిమ్మట ఆయన చూపు మారును. అంతకుముందు వస్తువులపై నిలిచెడి కన్నులు అటుపిమ్మట వాటిని దాటి ఎచ్చటికో పోవుచుండును. మేకప్పు చేయజాలని మార్పది.

ఇట్లు పదేండ్లలో అందరాని యెత్తునకు చేరినవాడు తరువాతి ఇరువదియేండ్లు నిలకడగా ఉన్నాడని వ్రాయగలిగిన బాగుండెడిది. 1953లో దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి పాటలతో స్వయముగా తీసిన నా ఇల్లు ఆర్థికముగా దెబ్బ తీసినది. అడిగినవానికి లేదనుట ఆయన యెరుగడు; ఆశ్రితులతో ఇల్లు నిండియుండెడిది; లెక్కలు వ్రాయుట తెలియదు. ఒకనాడు దక్షిణాదిన అత్యధిక పారితోషికము పొందిన నటులలో నొకడైనవాడు, మెల్లగా తండ్రిపాత్రలకు, గురుపాత్రలకు, ఋషిపాత్రలకు మారెను. 1957లో పాండురంగ మాహాత్మ్యమున దారితప్పిన కొడుకును కన్న తండ్రి. 1963లో లవకుశలో వాల్మీకి. తెలుగున తొలి పూర్తినిడివి రంగులచిత్రమైన ఆ లవకుశను పల్లెలనుండి బండ్లు కట్టుకొని వెళ్లి చూచిన ప్రజ, సీతమ్మకు ఆశ్రయమిచ్చిన ఋషిని నిజమైన ఋషిగానే భావించినదనిన అతిశయోక్తి లేదు.

అట్టి దశలో, అప్పులనడుమ, ఆయన తలపెట్టినది రామదాసు. ఈ సంకల్పము ఆకస్మికము కాదు. త్యాగరాజస్వామి పోతన భాగవతమును నిత్యపారాయణము చేసినవాడు. రామదాసును తన రచనలలో భక్తితో స్మరించినవాడు. త్యాగయ్యగా జీవించిన నటునికి, ఆ త్యాగయ్య యెవరికి చేతులు జోడించెనో వారి పాత్రలను ధరింపవలెనను తపన కలుగుట సహజము. పోతన ఋణము ముందే తీరినది, మిగిలినది రామదాసు. చిత్రము పూర్తియగుటకు ఏండ్లు పట్టినది. తుదకు 1964 డిసెంబరులో, నాగయ్యయే నిర్మాతయు, దర్శకుడును, నాయకుడునుగా విడుదలయినది. భద్రాచలము ఆంధ్రమండలముల నుండి వచ్చి ఖమ్మము జిల్లాలో కలసి అప్పటికి అయిదేండ్లు. అనగా, గోపన్న పుట్టినయూరు, కొలువుచేసిన పరగణా, కట్టించిన గుడి మూడును ఒక జిల్లాలో చేరిన పిమ్మట వచ్చిన తొలి రామదాసు చిత్రమిది.

విమర్శకుని దృష్టితో చూచిన, ఇందు లోపములు కలవు. అప్పటికి నాగయ్యకు అరువదేండ్లు; తహసీల్దారుగా కొలువుకెక్కిన యువగోపన్న యొక్క చురుకుదనము ఆ శరీరమున రాలేదు. నిర్మాణములో డబ్బుకు కటకటపడిన జాడలు అచ్చటచ్చట తెలియును. కాని చెరసాల ఘట్టములకు వచ్చుసరికి ఆ వయస్సే పాత్రకు సొత్తైనది. రామదాసు కీర్తనల విశిష్టత భజనపరులకు తెలియనిది కాదు. ఆయన ఒకచోట రాముని ప్రాధేయపడును, వేరొకచోట నిలదీయును, చేయించిన నగల లెక్క యెత్తి దెప్పిపొడుచును, తోడనే నోరుజారితినని క్షమ వేడుకొనును. కోపమును, సిగ్గును, ప్రేమను ఒక్క ఊపిరిలో పలుకవలసిన ఈ పాటలను నాగయ్య అరచి పాడలేదు. ఇంటిపెద్దతో తగవుపడుచున్న బిడ్డవలె పాడెను. అన్నదమ్ములవంటి వారికి అప్పులిచ్చి, తాను అప్పులపాలైన మనిషి ఆ మాటలు పలుకుచున్నాడని యెరిగి వినువారికి, నటన యెక్కడ ముగిసి జీవిత మెక్కడ మొదలైనదో చెప్పుట కష్టము.

చిత్రము ఆయన కష్టములను తీర్చలేదు. 1965లో కేంద్రప్రభుత్వము పద్మశ్రీ నిచ్చి గౌరవించినది; దక్షిణాది సినీనటులలో ఆ పురస్కారమును తొలుత అందుకొన్నవాడు నాగయ్యయే. బిరుదు వచ్చినను వేషములు చిన్నవైనవి. కొద్ది పైకమునకు కొద్ది నిమిషముల పాత్రలు వేయుచు, తనవద్ద శిష్యులవలె నిలిచినవారి చిత్రములలో ఒక మూల నిలబడెను. ఎవరిపైనను ఫిర్యాదు చేయలేదని నాటివారు వ్రాసిరి. 1973 డిసెంబరు 30న మదరాసులో కన్నుమూసెను. త్యాగరాయనగర్ పానగల్ పార్కునందు ఆయన విగ్రహము కలదు.

విగ్రహములు మంచివే. కాని నటునికి నిజమైన స్మారకము ఆయన చిత్రములే. కొత్తగా చూడదలచిన పాఠకులు యోగివేమనతో ఆరంభింపుడు. పిదప పోతన, ఆ పిదప త్యాగయ్య చూడుడు. రామదాసును కడపట చూడుడు. నటుని యౌవనము నెరిగినవారికే ఆ వార్ధక్యము విలువ తెలియును. మన ప్రాంతపు భజనసమాజములకు నాదొక మనవి: శ్రీరామనవమికి ముందు రాత్రులలో, దమ్మపేటలోనైనను, పాల్వంచలోనైనను, నేలకొండపల్లిలోనైనను, తెరగట్టి ఆ చిత్రమును ఊరంతటికి చూపుడు. ముందుగా మీరు పాడు వరుసలో ఒక కీర్తన పాడుడు, తరువాత ఆయన పాడిన వరుస వినుడు. రెండింటి తేడాను మీ పెద్దలచేత పిల్లలకు చెప్పింపుడు.